వంపు గోడ మీద వెయ్యి రెక్కలు: గుంటూరు ఎండ చెప్పే లెక్కలు

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలల్లో పత్తి విచ్చేదీ, కళ్లంలో మిర్చి ఎండేదీ ఎండ బలంతోనే. అదే ఎండ మే నెలలో ఇంటి గోడల్ని కాల్చేస్తుంది. ఎండను ఆపుతూ గాలినీ వెలుతురునూ లోపలికి రానిచ్చే ఏర్పాటే లూవర్లు, అంటే వాలుగా, వరుసగా అమర్చిన రెక్కలు. చదును గోడకు రెక్కలు బిగించడం మన వడ్రంగులకూ ఫ్యాబ్రికేషన్ షెడ్ల వాళ్లకూ బాగా తెలిసిన పనే. గోడ వంపు తిరిగిందంటే మాత్రం ప్రతి రెక్కకూ దిక్కు వేరు, కోణం వేరు, పొడవు వేరు. వేల రెక్కలకు ఆ లెక్కలన్నీ ఒకేసారి కట్టిపెట్టేది పారామెట్రిక్ డిజైన్ సాఫ్ట్‌వేర్. అయితే దానికి ఎండ సంగతి మనమే చెప్పాలి, అదీ మన ఊరి ఎండ సంగతి చెప్పాలి. ఆ లెక్కల వెనకున్న విశేషాలు ఇవి.

రోహిణి కార్తెలో దక్షిణపు గోడకు ఎండే తగలదు

గుంటూరు అక్షాంశం సుమారు 16.3 డిగ్రీల ఉత్తరం. సూర్యుడు జూన్ 21 నాటికి 23.4 డిగ్రీల దాకా ఉత్తరానికి జరుగుతాడు. అంటే మనల్ని దాటి వెళ్తాడు. అందుకే సుమారు మే 5 నుంచి ఆగస్టు 7 వరకు పొద్దు పొడిచింది మొదలు కుంకేదాకా సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. రోళ్లు పగులుతాయని పెద్దలు చెప్పే రోహిణి కార్తె సరిగ్గా ఈ రోజుల మధ్యలోనే వస్తుంది. సూటిగా దక్షిణానికి తిరిగిన గోడ మీద ఈ మూడు నెలలూ నేరుగా ఎండ పడదు. కాలేది ఉత్తరపు గోడ. చలి దేశాల పుస్తకాలు ఉత్తరపు కిటికీకి నీడ పెద్దగా అక్కర్లేదంటాయి. పత్తి, మిర్చి పండే ఈ మైదానంలో ఆ మాట నమ్మి కడితే మే నెల గదిలోకి వచ్చి కూర్చుంటుంది.

ఏడాదికి రెండుసార్లు నీడ కాళ్ల కిందికి చేరుతుంది

సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చే రోజులు గుంటూరుకు రెండున్నాయి. ఒకటి మే 5 ప్రాంతంలో, రెండోది ఆగస్టు 7 ప్రాంతంలో. గడియారం 12 కొట్టినప్పుడే మిట్టమధ్యాహ్నం అవుతుందనుకోకూడదు. మన దేశపు సమయానికి ఆధారం 82.5 డిగ్రీల రేఖాంశం. గుంటూరు దానికి రెండు డిగ్రీలు పడమరగా ఉంది. అందువల్ల మే 5న అసలు మధ్యాహ్నం సుమారు 12 గంటల 5 నిమిషాలకు, ఆగస్టు 7న సుమారు 12 గంటల 14 నిమిషాలకు అవుతుంది. కంప్యూటర్ మోడల్లో సూర్యుణ్ని నిలిపేటప్పుడు ఈ నిమిషాలు కూడా లెక్కలోకి వస్తాయి. ఆ రోజు ఇంటి ముందు ఒక కర్రను నిటారుగా పాతి చూస్తే, తెర మీది సూర్యుడూ ఆకాశంలోని సూర్యుడూ ఒకచోటే ఉన్నారో లేదో తేలిపోతుంది.

100 మిల్లీమీటర్ల సందుకు 83 మిల్లీమీటర్ల రెక్క

గుంటూరులో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు బాగా కిందికి దిగేది డిసెంబరు 21 ప్రాంతంలో. అప్పుడు కూడా ఎత్తు 50 డిగ్రీలకు తగ్గదు. దీన్నిబట్టి దక్షిణపు గోడకు పడక రెక్కల లెక్క సులువుగా తేలుతుంది. రెక్కకూ రెక్కకూ మధ్య 100 మిల్లీమీటర్ల సందు ఉంటే, 83 మిల్లీమీటర్ల వెడల్పున్న రెక్క ఏడాది పొడవునా మిట్టమధ్యాహ్నపు ఎండను ఆపుతుంది. ఢిల్లీలో ఇదే పనికి సుమారు 128 మిల్లీమీటర్లు కావాలి. ఉత్తరాది డ్రాయింగును ఉన్నదున్నట్టు ఇక్కడికి తెస్తే అల్యూమినియం వృథా అవుతుంది, గదిలో వెలుతురూ తగ్గుతుంది.

ఇంకో చక్కని సంగతి ఉంది. పగలూ రాత్రీ సమానంగా ఉండే మార్చి, సెప్టెంబరు రోజుల్లో దక్షిణపు గోడను పక్కనుంచి గీసి చూస్తే, ఎండ వాలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే కోణంలో ఉంటుంది. గుంటూరుకు అది 73.7 డిగ్రీలు. ఆ రెండు రోజుల్లో దక్షిణపు రెక్కల్ని కదిలించాల్సిన పనే లేదు.

పడమట రెక్కలు నిలబడాలి

సాయంత్రపు ఎండ అడ్డంగా దూసుకొస్తుంది. పడక రెక్కలు దాన్ని ఆపలేవు. పడమటి గోడకు నిలువు రెక్కలే నయం. వాటిని ఎటు తిప్పాలన్నదే ప్రశ్న. జూన్ చివర్లో గుంటూరు సూర్యుడు సరైన పడమరకు 24.5 డిగ్రీలు ఉత్తరంగా అస్తమిస్తాడు. డిసెంబరు చివర్లో అంతే మేర దక్షిణంగా అస్తమిస్తాడు. ఆరు నెలల్లో మొత్తం 49 డిగ్రీల ప్రయాణం. బిగించేసిన రెక్క ఈ రెండింటిలో ఏదో ఒకదానికే సరిపోతుంది. తిరిగే రెక్కకు విలువ వచ్చేది ఇక్కడే.

వంపు గోడకు అన్ని దిక్కులూ సొంతమే

గుండ్రటి భవనం ఒకటి ఊహించండి. దాని చుట్టూ 120 నిలువు రెక్కలు పెడితే, ఒక్కో రెక్క పక్కదాని కంటే 3 డిగ్రీలు తిరిగి ఉంటుంది. ఒక చోట దక్షిణపు గోడ నియమం, పాతిక అడుగులు నడిస్తే నైరుతి నియమం, ఇంకొంచెం ముందుకు వెళ్తే పడమర నియమం. నియమం ఎక్కడ మారిందో గీత గీసి చూపలేం. చేత్తో గీస్తే 120 డ్రాయింగులు వేయాలి, సందు మారిస్తే మళ్లీ 120 గీయాలి.

పారామెట్రిక్ పద్ధతిలో గీసేది రెక్కను కాదు, రెక్కను పుట్టించే సూత్రాన్ని. ముందుగా వంపు తలాన్ని అడ్డంగా, నిలువుగా భాగాలు చేస్తారు. ప్రతి భాగం మధ్యలో ఒక బిందువు పెట్టి, అక్కడ తలానికి లంబంగా బయటికి పొడుచుకొచ్చే బాణాన్ని కనుక్కుంటారు. గోడ ఆ చోట ఎటు చూస్తోందో చెప్పేది ఆ బాణమే. దానికీ సూర్యుడి దిక్కుకూ మధ్య కోణం తీసి, ఆ కోణాన్నిబట్టి రెక్క తన ఇరుసు మీద ఎంత తిరగాలో రాస్తారు. సూత్రం ఒక్కసారి రాస్తే చాలు. 120 రెక్కలకైనా 12 వేల రెక్కలకైనా అదే వర్తిస్తుంది. వెడల్పు, సందు, గరిష్ఠంగా తిరిగే కోణం అనే మూడు స్లయిడర్లను అటూ ఇటూ జరిపితే భవనం మొత్తం కళ్ల ముందే మారిపోతుంది.

గోపురం మీద సమానంగా పంచినా సమానం కాదు

సాఫ్ట్‌వేర్‌లో తలాన్ని 120 భాగాలు చేయమంటే 120 భాగాలే చేస్తుంది. కానీ అవి మీటర్లలో సమానంగా ఉంటాయన్న హామీ లేదు. అర్ధగోళం తీసుకుందాం. అడుగున ఒక్కో భాగం వెడల్పు 1 మీటరు అనుకుంటే, 60 డిగ్రీల ఎత్తుకు వెళ్లేసరికి అది అర మీటరవుతుంది. 80 డిగ్రీల దగ్గర 17 సెంటీమీటర్లకు కుంచించుకుపోతుంది. అక్కడ రెక్కలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి, తిరగడానికి చోటుండదు. అందుకే అనుభవజ్ఞులు పైకి వెళ్లేకొద్దీ వరుసలో రెక్కల సంఖ్యను తగ్గిస్తారు, లేదా పొడవును బట్టి పంచుతారు. కొత్తగా నేర్చుకునే విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఈ మెట్టు దగ్గరే.

అమరావతి మహాచైత్యం దగ్గర 5 మిల్లీమీటర్ల పాఠం

1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కోలిన్ మెకంజీ కంటపడిన అమరావతి మహాచైత్యం ఒక బౌద్ధ స్తూపం. దాని అండం, అంటే గుమ్మటం, వ్యాసం సుమారు 50 మీటర్లు. దాని వలయపు గోడకు పల్నాటి సున్నపురాయి పలకలు తాపడం చేశారు. శిల్పాలు చెక్కిన ఆ పలకలు ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోనూ, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ, అమరావతి మ్యూజియంలోనూ ఉన్నాయి. అంత పెద్ద వలయానికి మీటరు వెడల్పున్న చదును పలకను ఆనిస్తే, పలక మధ్యభాగానికీ అసలు వంపుకూ తేడా ఎంత? లెక్క కడితే 5 మిల్లీమీటర్లు. అదే పలకను 5 మీటర్ల వ్యాసమున్న గుండ్రటి గదికి పెడితే తేడా 50 మిల్లీమీటర్లు దాటుతుంది.

ఈనాటి వంపు గోడల్లో సగం రహస్యం ఇదే. పెద్ద వంపు మీద తిన్నని చిన్న రెక్కలే వాడి, కంటికి మాత్రం వంపును చూపించవచ్చు. ఎక్కడ తిన్నని రెక్క సరిపోతుందో, ఎక్కడ వంచిన రెక్క తప్పదో మోడల్ రంగులు వేసి చూపుతుంది. వంచిన అల్యూమినియం ఖరీదు ఎక్కువ కాబట్టి ఆ రంగుల పటమే ఖర్చుల పటం కూడా.

పాలీహౌస్‌కు ముడత పడదు, గోపురానికి పడుతుంది

మిర్చి ఎండబెట్టడానికి వాడే సొరంగం ఆకారపు పాలీహౌస్ సోలార్ డ్రయ్యర్ మీద ప్లాస్టిక్ షీటు ముడత లేకుండా పరుచుకుంటుంది. అదే షీటును గోపురానికి చుడితే ఎక్కడో ఒకచోట ముడత పడి తీరుతుంది. ఎందుకో 1827లో జర్మన్ గణితవేత్త గాస్ నిరూపించాడు. గొట్టం, శంకువు లాంటి ఆకారాలను సాగదీయకుండా, చింపకుండా నేల మీద పరచవచ్చు. గోళాన్ని పరచలేం. బత్తాయి తొక్క బల్ల మీద చదునుగా పరుచుకోనట్టే. ఈ గణితం షెడ్డులో డబ్బుగా మారుతుంది. గొట్టం ఆకారపు గోడకైతే చదును రేకును కోసి, మడిచి రెక్కలు చేయవచ్చు. గోపురానికైతే ఒక్కో రెక్కను అచ్చులో నొక్కాలి, లేదా చిన్న చిన్న ముక్కలుగా విడదీయాలి.

నవ్యాంధ్ర రాజధానిలో 250 మీటర్ల శంకువు

గుంటూరు జిల్లాలో తలపెట్టిన రాజధాని అమరావతికి 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది. ప్రభుత్వ భవనాల సముదాయానికి రూపకల్పన చేసింది లండన్ సంస్థ ఫోస్టర్ అండ్ పార్ట్‌నర్స్. అసెంబ్లీ భవనం మీద 250 మీటర్ల ఎత్తున శంకువులా లేచే కప్పు ఆ డిజైన్‌లో ప్రధాన ఆకర్షణ. మధ్యలో ఆగిన రాజధాని పనులు 2025 మే 2న ప్రధాని చేతుల మీదుగా మళ్లీ మొదలయ్యాయి.

అలాంటి ఆకారానికి రెక్కలు తొడగాలంటే ఏమవుతుందో చూడటం మంచి అభ్యాసం. అంచులు తిన్నగా ఉన్న శంకువుకు కొన నుంచి అడుగుకు నిలువు రెక్కలు దించితే అవి తిన్నగానే ఉంటాయి, కోత సులువు. చుట్టూ వడ్డాణంలా పడక రెక్కలు వేస్తే, పరిచినప్పుడు ఒక్కోటీ విల్లులా వంగి కనిపిస్తుంది. తిన్నని రేకు కోసుకుపోతే అక్కడ అమరదు. సగం ఎత్తుకు వెళ్లేసరికి చుట్టుకొలత సగమవుతుంది కాబట్టి రెక్కల సంఖ్య గానీ పొడవు గానీ సగానికి తగ్గాలి. శంకువు అంచు లోపలికి వంగితే లెక్క ఇంకా బిగుస్తుంది. అప్పుడిక తలాన్ని నేల మీద పరచలేం, ప్రతి వరుసకూ వేరే ముక్క కావాలి.

హైకోర్టు కప్పే నీడ

ఆ సముదాయంలోని హైకోర్టుకు ఫోస్టర్ బృందం ఎంచుకున్న రూపం స్తూపాన్ని తలపించే మెట్ల కప్పు. వలయాలు ఒకదానిపై ఒకటి లేస్తాయి, ప్రతి వలయం అంచూ ముందుకు పొడుచుకొచ్చి కింది అంతస్తుకు నీడనిస్తుంది. యంత్రాలతో పని లేకుండా భవనాన్ని చల్లబరచడమే ఆ చూరుల ఉద్దేశం. మన పెంకుటిళ్ల వసారా చేసే పనే ఇది, చాలా పెద్ద ఎత్తున. కదిలే రెక్క పెట్టే ముందు కదలని చూరుతో ఎంత పని అవుతుందో చూసుకోవాలని ఈ డిజైన్ చెబుతుంది. చూరుకు మోటారు అక్కర్లేదు, కరెంటు పోయినా నీడ పోదు.

లండన్ దోసకాయ భవనంలో వంపు అద్దం ఒక్కటే

అదే సంస్థ డిజైన్ చేసి 2004లో తెరిచిన లండన్‌లోని 30 సెయింట్ మేరీ యాక్స్ భవనాన్ని అక్కడివాళ్లు గెర్కిన్ అంటారు. 180 మీటర్ల ఆ భవనంలో ఏ వైపు చూసినా వంపే. కానీ నిజంగా వంచిన అద్దం ఒక్కటే ఉంది, శిఖరాన కటకంలా అమర్చింది. మిగతావన్నీ చదును అద్దాలే. మూడు మూలల పలక ఎప్పుడూ చదునుగానే ఉంటుంది. నాలుగు మూలల పలకలో నాలుగో మూల చదును తప్పవచ్చు. అందుకే వంపు తలాల మీద త్రిభుజాలు అన్నిచోట్లా కనిపిస్తాయి. నాలుగు మూలల చట్రంలో రెక్కలు బిగించాలంటే, ఆ మూల ఎన్ని మిల్లీమీటర్లు లేచిందో మోడల్లో ముందే కొలుచుకోవాలి.

సింగపూర్‌లో ఏడు వేల గొడుగులు

వంపు తలం మీద ఎండ లెక్కను పట్టుకున్న భవనాల్లో బాగా పేరుపడింది 2002లో ప్రారంభమైన సింగపూర్ ఎస్ప్లనేడ్. దాని గాజు గుమ్మటాల మీద 7,000కు పైగా త్రిభుజాకారపు అల్యూమినియం నీడ పలకలు ఉన్నాయి. ఎండ ఎక్కువ పడే చోట పలక ముక్కు బాగా మూసుకుంటుంది, తక్కువ పడే చోట తెరుచుకుంటుంది. పలకలు కదలవు. భవనం వంపులో తమకు దక్కిన చోటును బట్టి కోణాన్ని ముందే తెచ్చుకున్నాయి. పనస లాంటి డ్యూరియన్ పండులా ఉందని ఆ ఊరివాళ్లు దాన్ని ముద్దుగా డ్యూరియన్ అనే పిలుచుకుంటారు. అమరావతి రాజధాని ప్రాంతానికి మొదటి బృహత్ ప్రణాళిక తయారైంది కూడా సింగపూర్ సంస్థల చేతుల్లోనే.

హైదరాబాద్ సొమ్ముతో పాండిచ్చేరిలో రెక్కల మేడ

తిరిగే లూవర్ల చరిత్రలో చెప్పుకోదగ్గ భవనం మనకు పొరుగునే ఉంది. పాండిచ్చేరి అరవిందాశ్రమంలోని గోల్‌కొండ్ వసతి గృహాన్ని వాస్తుశిల్పి ఆంటొనిన్ రేమండ్ డిజైన్ చేశాడు. 1930ల చివర్లో నిర్మాణం మొదలైంది. జార్జ్ నకషిమా, ఫ్రాంటిషెక్ సామర్ పనులు దగ్గరుండి చూశారు. ఖర్చుకు హైదరాబాద్ నిజాం ప్రభుత్వం నుంచి దాని దివాన్ సర్ అక్బర్ హైదరీ ద్వారా విరాళం అందింది. ఆ కృతజ్ఞతతోనే భవనానికి గోల్కొండ పేరు పెట్టారు.

ఆ మేడ ఉత్తర, దక్షిణ ముఖాలకు గాజు కిటికీలు లేవు. నిలువెల్లా తిప్పుకునే ఆస్‌బెస్టాస్ సిమెంటు రెక్కలే. రెండు వైపులా రెక్కలు కాబట్టి గాలి గది గుండా అటూ ఇటూ పారుతుంది. కప్పు మీద వంపు తిరిగిన కాంక్రీటు పెంకులు రెండో గొడుగులా నిలిచి వేడిని ఆపుతాయి. ఎనిమిది దశాబ్దాలు దాటినా అందులో నేటికీ మనుషులు హాయిగా ఉంటున్నారు. ఉత్తరపు ముఖానికీ దక్షిణానికీ సమానంగా రెక్కలు పెట్టడం ఈ అక్షాంశాల ఎండ తెలిసినవాళ్లు చేసిన పని.

ఉమ్మడి ప్రకాశం బ్యారన్లలో చేత్తో తిప్పే పారామీటరు

ఒంగోలు, కందుకూరు, పొదిలి వైపు పొగాకు బ్యారన్లు, అంటే ఆకును వేడితో ఆరబెట్టే కొట్లు, చూసినవాళ్లకు కింది వెంటిలేటర్లు, పై వెంటిలేటర్లు గుర్తుండే ఉంటాయి. ఆకు పసుపు తిరిగేదాకా వాటిని మూసి ఉంచి తేమను నిలుపుతారు. రంగు నిలిచే దశలో కొద్దికొద్దిగా తెరిచి తేమను బయటికి పంపుతారు. ఈనె ఎండే దశలో మళ్లీ మెల్లగా మూస్తూ వేడిని 70 డిగ్రీల దాకా తీసుకెళ్తారు. ఉష్ణోగ్రత, తేమ, ఆకు రంగు అనే మూడు కొలతల్ని బట్టి తెరుపు ఎంతో నిర్ణయమవుతుంది. అచ్చంగా పారామెట్రిక్ నియమమంటే ఇదే. రాత్రంతా మేలుకుని థర్మామీటరు చూస్తూ వెంటిలేటరు సరిచేసే రైతు బుర్రలో నడిచేది, సాఫ్ట్‌వేర్‌లో తీగలు కలిపి రాసేది ఒకే రకం తర్కం. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం 1976 నుంచి గుంటూరులోనే ఉంది. ఈ జ్ఞానానికి మన నేల మీద అంత లోతైన వేళ్లున్నాయి.

పత్తి నూలుకు కూడా రెక్కలే కాపలా

గుంటూరు, చిలకలూరిపేట ప్రాంతపు స్పిన్నింగ్ మిల్లుల్లో గాలిలో తేమ తగ్గితే దారం తెగుతుంది. దారం వడికే రింగ్ ఫ్రేముల గదిలో సాధారణంగా 55 నుంచి 60 శాతం తేమ నిలుపుతారు. బయటి గాలి ఎంత రావాలి, లోపలి గాలి ఎంత తిరిగి వాడాలి అన్నది హ్యూమిడిఫికేషన్ ప్లాంటులోని డ్యాంపర్ రెక్కలు నిర్ణయిస్తాయి.

కదిలే రెక్కలు: రెండు నగరాలు, రెండు పాఠాలు

1987లో పారిస్‌లో తెరిచిన అరబ్ ప్రపంచ సంస్థ భవనానికి దక్షిణ ముఖం మీద 240 చట్రాలున్నాయి. వాటిలో కెమెరా కంటిపాపలా వెలుతురును బట్టి తెరుచుకుని మూసుకునే యంత్రాలు అమర్చారు. కాలక్రమంలో చాలా యంత్రాలు మొరాయించాయి, తర్వాత బాగుచేయాల్సి వచ్చింది. 2012లో పూర్తయిన అబుదాబీ అల్ బహర్ జంట టవర్లకు ఒక్కోదానికి వెయ్యికి పైగా మడత గొడుగులున్నాయి. వంపు గోడ వెంట సూర్యుడు నడిచే కొద్దీ అవి వరుసగా విప్పుకుంటాయి, ముడుచుకుంటాయి. కదలిక ఎంత సున్నితంగా ఉంటే ఆలనా పాలనా అంత ఎక్కువ కావాలి. మన ఊళ్లలో నెలకోసారి చేత్తో తిప్పే పిడి చాలాచోట్ల మోటారు కంటే మేలు. మే నెలకో అమరిక, డిసెంబరుకో అమరిక ఉంటే చాలా పని గడిచిపోతుంది.

పేరు ముందు, కంప్యూటరు తర్వాత

పారామెట్రిక్ వాస్తుశిల్పం అనే మాటను ఇటలీ వాస్తుశిల్పి లుయిజీ మొరెట్టి కంప్యూటర్లు డ్రాయింగ్ బల్లల మీదికి రాకముందే వాడాడు. చూపు కోణాలను కొలతలుగా పెట్టి రూపొందించిన స్టేడియం నమూనాలను 1960లో మిలాన్ ట్రియెనాలెలో ప్రదర్శించాడు. 1963లో ఇవాన్ సదర్లాండ్ ఎంఐటీలో స్కెచ్‌ప్యాడ్ తయారుచేశాడు. ఒక గీతను కదిపితే దానికి కట్టిన గీతలూ కదిలే పద్ధతికి అది ఆద్యం. నేడు వంపు లూవర్లకు విరివిగా వాడే గ్రాస్‌హాపర్‌ను డేవిడ్ రట్టెన్ 2007లో మొదలుపెట్టాడు. 2018లో వచ్చిన త్రీడీ మోడలింగ్ సాఫ్ట్‌వేర్ రైనో 6 నుంచి అది ఆ సాఫ్ట్‌వేర్‌లో భాగమైంది. రెవిట్ అనే భవనాల మోడలింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు అలాంటిదే డైనమో ఉంది. వీటిలో కోడు రాయనక్కర్లేదు. పెట్టెలను తీగలతో కలిపితే నియమం సిద్ధమవుతుంది.

8,760 గంటల వాతావరణం ఒక ఫైలులో

ఏడాదికి 8,760 గంటలు. ప్రతి గంటకూ ఎండ తీవ్రత, ఉష్ణోగ్రత, తేమ, గాలి వివరాలు ఉండే వాతావరణ ఫైళ్లు మన దేశపు నగరాలకు దొరుకుతాయి. 2013లో వచ్చిన లేడీబగ్ అనే ఉచిత పరికరం ఆ ఫైలును గ్రాస్‌హాపర్‌లోకి తెచ్చి, వంపు తలం మీద ఏ చదరపు మీటరుకు ఎంత ఎండ పడుతోందో రంగుల్లో చూపుతుంది. ఎరుపు ఉన్న చోట రెక్కలు దగ్గరగా, నీలం ఉన్న చోట దూరంగా వేయమని నియమం రాయవచ్చు. చూడటానికి అందమైన నమూనాలా ఉన్నా, దాని వెనక ఉన్నది ఊరి ఎండే. పక్క రాష్ట్రపు ఫైలు వేస్తే బొమ్మ అంతే అందంగా వస్తుంది, నీడ మాత్రం తప్పిపోతుంది.

బాపట్ల గాలికి నిలబడాలి

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన ఈ తీరం మరవలేని విషాదం. భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విజయవాడకు సూచించే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి పడుతుంది. 3 మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఒక్క రెక్క మీద 135 కిలోలకు పైనే. గాలి వేగం రెట్టింపయితే ఒత్తిడి నాలుగింతలు. వంపు భవనం మీద గాలి పక్కలకు జారేచోట లాగుడు కూడా తోడవుతుంది. ఎండ కోణంతోపాటు తుపాను కోణం కూడా నియమంలో రాసి, ఇరుసునూ బోల్టునూ దానికి తగ్గట్టు ఎంచుకోవాలి.

ఎండకు రెక్క 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది

అల్యూమినియం వేడికి సాగుతుంది. 3 మీటర్ల రెక్క 40 డిగ్రీల తేడాకు దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. జనవరి తెల్లవారుజాముకూ మే మధ్యాహ్నం కాగిన లోహానికీ మధ్య ఆ తేడా మామూలే. రెండు చివరలా బిగించేస్తే రెక్క వంగిపోతుంది, తిరగడం మానేస్తుంది. ఒక చివర బిగించి, రెండో చివర పొడుగాటి రంధ్రం వదలాలి. ఉక్కు ఇందులో సగమే సాగుతుంది కాబట్టి ఉక్కు చట్రంలో అల్యూమినియం రెక్క పెట్టినప్పుడు ఈ ఖాళీ తప్పనిసరి. తెర మీద మోడల్ ఎప్పుడూ ఒకే ఉష్ణోగ్రతలో ఉంటుంది. ఆ 3 మిల్లీమీటర్లు మనం చెబితేనే దానికి తెలుస్తాయి.

ఒక్క అంకె మారిస్తే ఒంగోలు

మంచి పారామెట్రిక్ మోడల్లో అక్షాంశం కూడా ఒక స్లయిడరే. 16.3ను 15.5 చేస్తే గుంటూరు ఒంగోలవుతుంది. దక్షిణపు గోడకు ఎండ తగలని రోజులు సుమారు మే 2 నుంచి ఆగస్టు 10 దాకా విస్తరిస్తాయి. 83 మిల్లీమీటర్ల రెక్క 81కి తగ్గుతుంది. తేడా చిన్నదే. కానీ అదే స్లయిడరు లండన్ దగ్గరో దుబాయ్ దగ్గరో ఆగిపోయి ఉంటే తప్పు చిన్నది కాదు.

విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ 2008 నుంచి నడుస్తోంది. అక్కడి విద్యార్థికైనా, ఒంగోలులో అల్యూమినియం పనిచేసే షెడ్డు యజమానికైనా, ఇల్లు కట్టుకుంటున్న రైతుకైనా పనికొచ్చే ప్రశ్నలు మూడే. ఈ గోడ మీద మే నెల సూర్యుడు ఎటు నుంచి పడతాడు? ఈ రెక్కను తుపాను రోజున ఎవరు మూస్తారు? పదేళ్ల తర్వాత దీన్ని ఎవరు బాగుచేస్తారు? మూడింటికీ జవాబు దొరికాక సాఫ్ట్‌వేర్ తెరవండి. అప్పుడు గోడ ఎంత వంపు తిరిగినా, దాని మీద ఎన్ని వేల రెక్కలున్నా, ప్రతి రెక్కా గుంటూరు ఎండకు సరిగ్గా తిరిగి నిలుస్తుంది.